నిమ్మకాయకూ రెండో హార్డ్ డిస్కుకూ పందెం

కంప్యూటరుకు దిష్టి తగులుతుందా తగలదా అన్న విషయం మీద తొంభైల చివర్లో కరీంనగర్‌లో నేను రెండు వారాలు వాదించాను. చివరికి గెలిచాను. గెలిచిన అరగంటకు మా స్టూడియోలో నా ముఖం చూడడానికి ఎవరికీ ఇష్టం లేకపోయింది. ముప్పై ఏళ్లు దాటిన ఉద్యోగంలో అంత గొప్పగా గెలిచిందీ లేదు, అంత గట్టిగా బోర్లా పడిందీ లేదు. మీరు ఫోను మీద వేలు పెట్టి మొటిమ తుడిచేసుకునే కాలం పిల్లలు. ఒక ముఖం మీది మచ్చ తుడవడానికి మేమెంత రచ్చ చేశామో చదివి నవ్వుకోండి. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను.

నా పని శ్రీరాంపూర్‌లో మొదలైంది. గనుల్లోకి దిగే కార్మికుల గుర్తింపు కార్డులకు ఫొటోలు తీసే దుకాణంలో డార్క్ రూము నాది. ఎర్ర బల్బు కింద రోజంతా చీకట్లో పనిచేసేవాణ్ణి, సాయంత్రం బయటికొచ్చి దెయ్యాలు లేవని ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి. చీకట్లో పనిచేసేవాడు చెబితే జనం కొంచెం నమ్మేవారు. మంచిర్యాల నుంచి ఆదిలాబాద్ దాకా నేను వాదించని చౌరస్తా లేదు. బాబాల నోట్లోంచి ఊడిపడే లింగాలు, చేతబడి బొమ్మలు, పిల్లి ఎదురొస్తే ఆగిపోయే ఎడ్లబండ్లు, అన్నిటి మీదా యుద్ధమే. వాదనలో నాకొక్కటే సూత్రం ఉండేది. ఎదుటివాడు అలిసిపోయేదాకా ఆపకూడదు. అదెంత చెడ్డ సూత్రమో తెలుసుకోవడానికి నాకు కరీంనగర్ రావలసి వచ్చింది.

కరీంనగర్‌లో నేను చేరిన ఫొటో స్టూడియో యజమాని పటేళ్ల ఇంటి మనిషి. జమ్మికుంట పక్కన పత్తి చేలు, ఊళ్లో తాతల నాటి గడీ మేడలో వాటా, మెళ్లో కెమెరా. అందరం ఆయన్ను పటేలా అనే పిలిచేవాళ్లం. జిల్లాలో అందరికంటే ముందు ఫొటోలు దిద్దే కంప్యూటరు పెట్టాలని ఆయన పట్టుబట్టి హైదరాబాద్ నుంచి ఒకటి తెచ్చాడు. దాని ముందు కూర్చున్నది మా అక్క; తోడబుట్టింది కాదు, స్టూడియోలో అందరం అలాగే పిలిచేవాళ్లం.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది, మెథడిస్టు చర్చి మనిషి. ఆ స్టూడియోలో నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో ముఖాలు దిద్దడం ఆమె పని. కుంకుమ బొట్టంత ముఖం మీద కూడా ఏ ముడత వయసుదో, ఏ ముడత కోపానిదో చెప్పేది. మౌసు చేతికిచ్చిన మొదటి రోజు, "పెన్సిలు పట్టిన చేతికి సబ్బుబిళ్ల ఇచ్చిన్రు" అంది. నెల తిరిగేసరికి ఆ సబ్బుబిళ్లతో కనురెప్ప వెంట్రుకలు గీసింది.

తంటా ఎక్కడొచ్చిందంటే, కంప్యూటరు నత్త. ఒక పెద్ద ఫొటో తెరిచి కొంచెం పక్కకు తిప్పమంటే, తెర మీద ఆగమన్నట్టు ఇసుక గడియారం బొమ్మ నిలబడేది. అక్క లేచి వెళ్లి ఎదురుగా హోటల్లో చాయ్ తాగి, హోటలాయన భార్యతో మాట్లాడి, వచ్చేసరికి కూడా అది అలాగే నిలబడి ఉండేది. ఒక్కోసారి చోటు చాలదని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి మొత్తం పని మింగేసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్క చేతికి ఒక పని వచ్చింది. వాళ్ల చర్చి కట్టి యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ పండుగకు గోడ మీద పెట్టడానికి పాత గుంపు ఫొటో ఒకటి బాగుచేయాలి. అరవై తొమ్మిదో సంవత్సరంలో చర్చి ముందు నిలబెట్టి తీసింది. ముప్పై ఏళ్లు చెమ్మ గోడకు వేలాడి బూజు పట్టింది. డెబ్బైకి పైగా ముఖాలు, సగం ముఖాల మీద తెల్లటి మరకలు. రెండో వరసలో ఎడమ నుంచి ఐదో మనిషి అక్క వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి. ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. ఆమెకు ఇంకో ఫొటో లేదు. బూజు సరిగ్గా ఆ ముఖం మీదే మందంగా పట్టింది.

"గీ ఒక్కటి మంచిగైతె సాలు తమ్మి," అంది అక్క. "మా అవ్వ మొఖం నాకు యాదికొస్తది గని, మా తమ్ముని పిల్లలకు సూపియ్యనీకి ఏం లేదు."

పండుగకు మూడు వారాలు. కంప్యూటరేమో రోజుకు రెండు ముఖాల కంటే సాగనివ్వడం లేదు.

పటేల్ ఊరుకోలేదు. మెట్‌పల్లి నుంచి ఒక వాస్తు సారును పిలిపించాడు. రిటైరైన బడిపంతులు, తెల్ల చొక్కా, చేతిలో దిక్సూచి. ఆయన గది నాలుగు మూలలా తిరిగి, బల్ల నైరుతిలో ఉందని, కూర్చున్నవాళ్ల ముఖం దక్షిణానికి ఉందని, పైగా గాజు తలుపులోంచి దారిన పోయేవాళ్లంతా చూస్తున్నారు కాబట్టి దిష్టి కూడా ఉందని తేల్చాడు.

"సారూ, కంప్యూటర్‌కు దిష్టి ఏడ తగుల్తది, తెరకా, పెట్టెకా?" అని అడిగాను.

"నమ్మకం లేనోనికి రెండిట్ల ఏదైనా ఒకటే," అన్నాడాయన నెమ్మదిగా. పాతికేళ్లు పిల్లలను భరించిన మనిషి. ఆయనను నా పద్ధతిలో అలసిపోయేలా చేయడం కష్టమని అప్పుడే తెలిసి ఉండాలి.

అసలు సంగతి నేను హైదరాబాద్‌లో కంప్యూటరు అమ్మిన దుకాణానికి ఫోను చేసి రాబట్టాను. పెద్ద ఫొటోను పట్టే జాగా మెషీను జ్ఞాపకంలో లేనప్పుడు, ఆ సాఫ్ట్‌వేరు హార్డ్ డిస్కులో కొంత చోటును చిత్తు కాగితంలా వాడుకుంటుంది. మా దగ్గరున్నది ఒక్కటే డిస్కు. కంప్యూటరు నడిచే సరంజామా అందులోనే, ఫొటోలు అందులోనే, చిత్తు పని అందులోనే. పైగా నిండిపోయి ఉంది. రెండో డిస్కు ఒకటి పెట్టి, దాన్ని ఖాళీగా ఉంచి, చిత్తు పని మొత్తం అక్కడ చేసుకోమని సాఫ్ట్‌వేరుకు చెప్పాలి.

పటేల్‌కు ఇది ఎట్లా చెప్పాలా అనుకుంటే, ఆయన పత్తి మనిషి కాబట్టి దారి దొరికింది.

"జమ్మికుంట యార్డుకు ఒక్కటే గేటు ఉన్నదనుకో పటేలా. పత్తి తెచ్చే బండ్లు అండ్లకెల్లే రావాలె, ఖాళీ బండ్లు అండ్లకెల్లే పోవాలె, కాంటా కూడా ఆ గేటు నడుమనే. ఏమైతది?"

"పొద్దుగూకినా బండి కదలది."

"ఇంకో గేటు పెడితె?"

"పెట్టు మరి," అన్నాడు వెంటనే. ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం చూసి నేను పొంగిపోయాను. రెండు వైపులా కాలు వేసి ఉంచడం పటేళ్లకు పుట్టుకతో వచ్చే విద్య అని ఆ పొంగులో మరిచిపోయాను.

సోమవారం ఉదయం డిస్కు వచ్చింది. పెట్టె విప్పి, వేరే కేబులుకు తగిలించి, ఫార్మాట్ చేసి, సెట్టింగు మార్చాను. తర్వాత స్టూడియో వాళ్లందరినీ కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. విషయం డిస్కే. కానీ మొదలుపెట్టింది ఆదిమానవుడు ఉరుముకు భయపడటం దగ్గర. మధ్యలో వాస్తు పుట్టుక వచ్చింది. డిస్కు వెనకాల ఉండే చిన్న మీటకున్న రెండు స్థానాల్లో ఒకదానికి మాస్టర్, అంటే యజమాని అనీ, ఇంకోదానికి స్లేవ్, అంటే బానిస అనీ పేర్లు పెట్టిన వాళ్ల బుద్ధిని కాసేపు కడిగేశాను. ఈ ప్రవాహంలో ఎక్కడో ఒకచోట, కొత్త డిస్కు చిత్తు పనికి మాత్రమే, అందులో ఎవరూ ఏమీ దాచుకోకూడదు, ఎప్పుడైనా తుడిచేస్తాం అని కూడా చెప్పాను. చెప్పాననే నా నమ్మకం.

ఆ మధ్యాహ్నం నేను ఒక పెళ్లి ఫొటోల పనికి ధర్మపురి వైపు పోయాను. మర్నాడు వచ్చి చూస్తే బల్ల ఈశాన్యంలో ఉంది. తెర తూర్పు గోడకు ఆనుకుని ఉంది. మానిటరు నెత్తి మీద నిమ్మకాయ, ఏడు పచ్చి మిరపకాయలు. అక్క ఎనిమిదో ముఖం ముగించి తొమ్మిదో ముఖంలో ఉంది.

"అబ్బ, ఏం ఉర్కుతున్నదయ్యా మిషిను," అన్నాడు పటేల్. "గాయిన చెయ్యి మంచిది."

"ఎవరి చెయ్యి?"

"వాస్తు సారుది. తూర్పు తిప్పంగనే అందుకున్నది."

నేను ప్రయోగం చేసేటప్పుడు ఒకసారి ఒక్క మార్పే చేయాలని ఊరూరా చెప్పినవాణ్ణి. నా కళ్లు కప్పి మూడు మార్పులు ఒకే రోజు చేశారు. నా డిస్కు చేసిన పనికి దండ పడింది నిమ్మకాయ మెడలో. తర్వాతి రెండు వారాలు స్టూడియోకు వచ్చిన ప్రతివాడికీ పటేల్ ఆ నిమ్మకాయను చూపించాడు. ఎదుటి హోటలాయన తన గ్రైండరుకు కూడా ఒకటి కట్టాడు. పక్క దుకాణం టైలరు, కుట్టుమిషను ఎటు తిప్పాలో చెప్పమని వాస్తు సారు కాళ్ల మీద పడ్డంత పనిచేశాడు. నేను ఒక్కొక్కరితో వాదించాను. పటేల్ నన్ను చూసినప్పుడల్లా, "ఇగో, మా రెండో గేటు వచ్చిండు" అని పరిచయం చేసేవాడు.

శుక్రవారం నాటికి నాకిక పట్టలేదు. ఆదివారం చర్చి పండుగ. అక్క పని దాదాపు అయిపోయింది, అచ్చు వేయడమే మిగిలింది. ఆ ఉదయం ఆమె ఫ్రేము ఎక్కడ తగిలించాలో చూడటానికి చర్చికి పోయింది. మెషీను ఖాళీ. ఇదే సమయమనుకున్నాను.

పటేల్‌ను, టైలరును, హోటలాయనను పిలిచాను. వాస్తు సారు కూడా ఏదో పని మీద వచ్చి ఉన్నాడు. "ఇయ్యాల పందెం," అన్నాను. "ముందుగాల నిమ్మకాయ తీసేస్త, బల్ల మళ్ల దక్షిణం తిప్పుత, డిస్కు ఉంచుత. అటెన్క నిమ్మకాయ కడత, తూర్పుకు తిప్పుత, డిస్కు తీసేస్త. గడియారం మీరే పట్టుకోండ్రి."

"నిమ్మకాయ నువ్వు ముట్టకు. నేను తీస్త," అన్నాడు పటేల్.

పందెం నిష్పక్షపాతంగా ఉండాలి కదా. కొత్త డిస్కులో పాత చెత్త ఉంటే లెక్క తప్పవచ్చు. అందుకని అందరూ చూస్తుండగా దాన్ని మొత్తం ఫార్మాట్ చేశాను. తుడవమంటావా అని అది అడిగింది. వేలు పైకెత్తి, జనం వైపు ఒకసారి చూసి, అవునని వై అక్షరం నొక్కాను. సర్కసులో సింహం నోట్లో తలపెట్టేవాడు కూడా అంత ఠీవిగా ఉండడు.

పందెం గెలిచాను. నిమ్మకాయ లేకుండా, దక్షిణం చూస్తూ, ఫొటో గబుక్కున తిరిగింది. నిమ్మకాయతో, తూర్పు చూస్తూ, డిస్కు లేకుండా, ఇసుక గడియారం నిలబడింది. టైలరు చప్పట్లు కొట్టాడు. హోటలాయన ఆ క్షణమే వెళ్లి గ్రైండరు నిమ్మకాయ పిండి షర్బత్ చేసి తెచ్చాడు. వాస్తు సారు ఒక గుక్క తాగి, "పుల్లగున్నది" అన్నాడంతే. డిస్కు మళ్లీ తగిలించి, నేను గెలుపు ఉపన్యాసం అందుకున్నాను.

అది మధ్యలో ఉండగా అక్క వచ్చింది. కూర్చుంది. వెతికింది. ఇంకోసారి వెతికింది.

"తమ్మి, గీ కొత్త దాంట్ల నా ఫొటో ఉండె. ఏడ పెట్టినవ్?"

నా చేతిలో షర్బత్ గ్లాసు ఉంది.

"అక్కా, గండ్ల ఏం పెట్టొద్దని చెప్పిన కదనే."

"ఎప్పుడు చెప్పినవ్?"

"సోమవారం. అందరికి చెప్పిన."

"సోమవారం నువ్వు గంటసేపు చెప్పినవ్," అంది అక్క. గొంతు పెంచలేదు. "ఉరుము అన్నవ్, బానిసలన్నవ్. గండ్ల గీ ముక్క ఎక్కడున్నదో నాకు దొర్కలే. కొత్త దాంట్ల పెడితె జల్దీ తెర్సుకుంటున్నదని మొత్తం గండ్లనే పెట్టిన."

మూడు వారాల పని. ముప్పై అయిదు ముఖాలు. వాళ్ల అవ్వ ముఖం ఒక్కదానికే నాలుగు రోజులు పట్టింది, నేను చూశాను. హైదరాబాద్‌కు ఫోను చేశాను. తుడిచిన దాని మీద మళ్లీ చిత్తు పని చేయించావు కదా, ఇక దొరకదు అన్నాడు దుకాణం మనిషి. పందెం కోసం నేనే దాని మీద ఫొటోలు తిప్పించాను. ఏ మూఢనమ్మకమూ అక్కకు చేయని నష్టం సైన్సు పేరుతో నేను చేశాను. ఆ వాక్యం ఇప్పుడు రాస్తున్నా కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

మొదటి డిస్కులో స్కాన్ చేసిన అసలు ఫొటో మాత్రం బూజుతో సహా భద్రంగా ఉంది. అక్క దాన్ని తెరిచి చాలాసేపు చూసింది. "రేపు పొద్దుగాల్ల ఏడు గంటలకు తెరువుండ్రి పటేలా," అంది. నా వైపు తిరిగి, "నువ్వు గూడ రా. గని నోరు ఇంట్ల పెట్టి రా" అంది.

శనివారం గురించి నేనెంత రాసినా తక్కువే. బల్ల పందెంలో ఎక్కడ ఆగిందో అక్కడే, గది నడిమధ్యన, ఏ దిక్కుకూ చెందకుండా ఉండిపోయింది. దాన్ని జరపడానికి ఎవరికీ తీరిక లేదు. లోపలికి వచ్చేవాళ్లు పక్కకు తిరిగి నడిచారు. నా పని ఒక్కటే. ప్రతి ముఖం ముగియగానే మొదటి డిస్కులో దాచడం, దాచానని పైకి చెప్పడం. "దాచిన అక్కా." అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే మౌసు ఆగేది.

ఎనిమిది గంటలకు వాస్తు సారు వచ్చాడు. పిలవలేదు. కుర్చీ లాక్కుని అక్క వెనకాల కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని తెర చూశాడు.

"గీన మా లెక్కల సారు," అన్నాడు పై వరస చూపించి. "నేను మిషన్ బడిల సదువుకున్న. గీనకు మీసం ఉండాలె. బూజు కాదది, మీసమే. తుడువకు బిడ్డా."

అక్క అప్పుడే ఆ మీసం తుడవబోతోంది. ఆగింది. అక్కడి నుంచి ఆయన ఒక్కో ముఖం చెబుతూ పోయాడు. ఈమెకు ముక్కుపుల్ల ఉండేది, ఈయనకు ఒక కన్ను చిన్నది, ఈ పిల్లగాడు ఎప్పుడూ చొక్కా గుండీ తప్పు పెట్టుకునేవాడు, అది ఫొటో తప్పు కాదు. అక్క వేళ్లు పరుగెత్తాయి. నాకు వెర్రి ఆనందం పట్టుకుంది. డిస్కు ఎగురుతోంది, ఆమె చెయ్యి ఎగురుతోంది, ముసలాయన జ్ఞాపకం ఎగురుతోంది. ముప్పై ఏళ్ల కిందటి మనుషులు బూజులోంచి ఒక్కొక్కరే తల బయట పెట్టి మమ్మల్ని చూస్తున్నారు. టైలరు మిషను ఆపి వచ్చి, చొక్కాల కాలర్లు ఆ రోజుల్లో ఎట్లా కుట్టేవాళ్లో చెప్పాడు. పన్నెండు నుంచి రెండు దాకా కరెంటు పోతే, అందరం చీకటి తెర ముందు కూర్చుని రెండో వరస గురించి మాట్లాడుకున్నాం. పటేల్ ఇంటి నుంచి పులిహోర తెప్పించాడు. వాస్తు సారుకు మొదటి ముద్ద ఆయనే పెట్టాడు, రెండోది నాకు. నా ముద్దలో మిరపకాయ వచ్చింది. కావాలని పెట్టాడనే నా అనుమానం.

నాలుగు కాగితాలుగా అచ్చువేసి అతికించి, ఆరు లోపల ఫ్రేము దుకాణానికి ఇవ్వాలి. నాలుగున్నరకు అన్ని ముఖాలూ అయ్యాయి, ఒక్కటి తప్ప.

మొదటిసారి అక్క వాళ్ల అవ్వ ముఖాన్ని ఎంత ముద్దుగా చేసిందో నాకు గుర్తుంది. నొసటి ముడత తీసేసింది, పెదవుల చివర కొంచెం పైకి లేపింది, చెంపలు నునుపు చేసింది. ఇప్పుడు అంత వ్యవధి లేదు. బూజు మాత్రం ఒక్కొక్క చుక్కగా తీసింది. కింద నుంచి అసలు ముఖం వచ్చింది. ఎండకు చిట్లించిన కళ్లు, ముడిపడ్డ కనుబొమ్మలు, ఫొటో తీసేవాణ్ణి తినేసేలా చూస్తున్న చూపు.

అక్క మౌసు వదిలేసింది. "ఇగ సాలు. వెయ్యుండ్రి" అంది.

"దాచిన అక్కా," అన్నాను.

ఆదివారం నేను జీవితంలో మొదటిసారి చర్చి లోపలికి పోయాను, ఫ్రేముకు ఒక చివర పట్టుకుని. ఇంకో చివర వాస్తు సారు. గోడకు తగిలించగానే జనం మీద పడ్డారు. ఒకరి వేలు ఒకరికి తగులుతూ, నా బాపు, మా పెద్దవ్వ, గీన గదా బావిల పడ్డాయన అంటూ. ఒక ముసలామె కర్ర ఊతంగా వచ్చి రెండో వరస ముందు నిలబడింది. ఐదో ముఖం దగ్గర ఆగి, కర్రతో చూపించింది.

"గిదే మొఖం," అంది. "నాట్లకు ఆలిశం వస్తె గిట్లనే సూసేది. గా సూపుకు ఒడ్డు మీద నిలవడ్డోళ్లం బురదల దుంకేది." చుట్టూ ఉన్న ముసలివాళ్లంతా ఒక్కసారి నవ్వారు. అందరూ ఆ చూపు తిన్నవాళ్లే. అక్క తమ్ముడి పిల్లలు ముందుకు తోసుకొచ్చి చూశారు. చిన్నది ఆ ముఖం చూసి, తన కనుబొమ్మలు కూడా అలాగే ముడిచింది. అక్క పక్కకు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది, నవ్వుతూనే.

ప్రార్థన అయ్యాక పాస్టరు, ఈ ఫొటో బాగుచేసిన స్టూడియో తరఫున ఒకరు రెండు మాటలు చెప్పాలన్నాడు. పటేల్ మోచేత్తో నన్ను పొడిచాడు. నేను లేచాను. ముందున్నది మూడు వందల మంది, చేతిలో మైకు. నిజం చెప్పాలని లేచాను, అబద్ధమాడను.

"మొదట చేసిన ఫొటో పోయింది. నేనే తుడిచేశాను," అన్నాను. "మీ ఆడబిడ్డ మూడు వారాలు చేసిన పని నా మూర్ఖత్వం వల్ల పోయింది. ఇది నిన్న ఒక్కరోజులో మళ్లీ చేసింది."

హాలంతా నా వైపు తిరిగింది. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఆ చూపులు నాకు కొత్త బలమిచ్చాయి. ఒక్కరోజులో ఎందుకు సాధ్యమైందంటే, అన్నాను. కంప్యూటరులో రెండు డిస్కులుంటాయి, అన్నాను. నిమ్మకాయ ప్రస్తావన నోటి చివరిదాకా వచ్చింది. వాస్తు సారు కళ్లు మూసుకోవడం కనిపించింది. పాస్టరు గడియారం చూసుకున్నాడు.

ముందు బెంచీలోంచి అక్క గొంతు వినిపించింది. చూస్తే వాళ్ల అవ్వలాగే కనుబొమ్మలు ముడిచి ఉంది.

"తమ్మి, కూసో. ఆళ్లు ఆళ్లోళ్ల మొఖాలు సూసుకుంటరు."

చర్చి అంతా నవ్వింది. మైకు పాస్టరు చేతికిచ్చి, నేను కూర్చున్నాను.